ఫ్లాటుతోపాటు పార్కింగ్: ఏది తీసుకోవాలి, దేనికి సరే అనకూడదు

ఫ్లాటు కొనేటప్పుడు సింహద్వారం ఏ దిక్కున ఉంది, వంటగదిలోకి వెలుతురు వస్తుందా, చదరపు అడుగు ఎంత పడుతోంది అని ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చర్చిస్తారు. కారు ఎక్కడ పెట్టుకుంటామన్న ప్రశ్న మాత్రం అడ్వాన్సు చెక్కు రాసే ముందు గుర్తొస్తుంది. 'కింద ఒకటి వస్తుంది సార్, మీరేమీ దిగులు పడకండి' అని బిల్డర్ మనిషి భరోసా ఇస్తాడు. ఆ మాటతో తృప్తిపడి సంతకం పెట్టినవారు ఎందరో, గృహప్రవేశం అయ్యాక 'మీ కారు అడ్డంగా ఉంది, తీయండి' అన్న పిలుపుతో రోజూ నిద్ర లేస్తున్నారు. జీవితకాలం కూడబెట్టిన డబ్బు పెట్టి కొన్న ఇంట్లో ఆ అవస్థ ఎవరికీ రాకూడదు.

నా సలహా ఒక వరుసలో ఉంటుంది. ముందు హక్కు చూడండి, తర్వాత కొలత, ఆ తర్వాతే చోటు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. లిఫ్టు పక్కన మంచి జాగా చూపించగానే మురిసిపోయి, అది తమదని ఎక్కడ రాసి ఉందో అడగడం మరిచిపోతారు.

కాగితంలో ఏముంది?

ఫ్లాటుకు పార్కింగ్ దక్కే తీరులో హెచ్చుతగ్గులు చాలా ఉన్నాయి. అన్నింటికన్నా గట్టిది, అగ్రిమెంటులోనూ రిజిస్టరైన సేల్ డీడ్ షెడ్యూలులోనూ పార్కింగ్ నంబరు, ఏ అంతస్తు, ఎన్ని చదరపు అడుగులు అన్నవి స్పష్టంగా రాసి, ఆ జాగాను రంగు పెన్సిలుతో గుర్తించిన పార్కింగ్ ప్లాను కాపీని జతచేయడం. రెరా చట్టం, అంటే ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకు బిల్డర్లను నియంత్రించే కేంద్ర చట్టం, కింద వచ్చిన నమూనా అగ్రిమెంటులో ఫ్లాటు నంబరు తర్వాత పార్కింగ్ నంబరు, విస్తీర్ణం, అది ఉన్న చోటు రాయడానికి ఖాళీలు ఉన్నాయి. కొందరు బిల్డర్లు అక్కడ 'ఒక కారు పార్కింగ్' అని మాత్రం రాసి వదిలేస్తారు. నంబరు లేని ఆ మూడు ముక్కలకు రేపు తగాదా వచ్చినప్పుడు పెద్దగా బలం ఉండదు. ఖాళీ నింపించాకే సంతకం పెట్టండి.

దీని తర్వాతి మెట్టు, బిల్డర్ లెటర్‌హెడ్ మీద ఇచ్చే అలాట్‌మెంట్ లెటర్. ఇది ఏమీ లేకపోవడం కన్నా నయం. అయితే సేల్ డీడ్‌లో ప్రస్తావన లేకుండా ఇదొక్కటే ఉంటే, అదే నంబరు మీద మరొకరికి కూడా లెటరు ఇచ్చారేమో తెలుసుకునే దారి మీకు ఉండదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా, తీస్తే సేల్ డీడ్ కనబడుతుంది, లెటరు కనబడదు.

ఆ కింది మెట్టు, అసోసియేషన్ లాటరీ తీసి కేటాయించే పద్ధతి. నిజం చెప్పాలంటే, అందరికీ సమానంగా జాగాలున్న చోట ఇది మర్యాదైన పద్ధతే. బైలాల్లో రాసి, జనరల్ బాడీలో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించి ఉంటే దాన్ని నమ్మవచ్చు. ఇక చివరిది, ఎవరు ముందొస్తే వారిది. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున ఇల్లు చేరేవారు దీనికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు.

చట్టం ఏమంటుందో కాస్త నిలిచి చూడాలి, ఎందుకంటే ఇక్కడే డబ్బు పోతుంది. 2016 రెరా చట్టం ఆరుబయట ఉండే పార్కింగును ఉమ్మడి ప్రాంతాల్లో చేర్చింది. అంటే భవనం చుట్టూ నిబంధన ప్రకారం ఖాళీగా వదిలే సెట్‌బ్యాకులోనో, ప్రహరీ పక్కనో గీతలు గీసి 'ఓపెన్ పార్కింగ్ రెండు లక్షలు' అని బిల్డర్ అమ్మితే, ఆయన తనది కానిదాన్ని అమ్ముతున్నాడు. అది ఫ్లాటు యజమానులందరిదీ. అదే చట్టం గ్యారేజీని పైకప్పు, మూడు వైపుల గోడలు ఉన్న జాగాగా నిర్వచించింది. అంతకుముందే 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ముంబైకి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, స్టిల్ట్ జాగా, అంటే భవనం కింద నేలమట్టంలో స్తంభాల మధ్య వదిలే కప్పున్న జాగా, గ్యారేజీ కిందకు రాదని, దాన్ని బిల్డర్ విడిగా అమ్ముకోలేడని తీర్పిచ్చింది. ఆ తీర్పు మహారాష్ట్ర చట్టం మీద వచ్చినదే అయినా, పార్కింగ్ తగాదాలలో దేశమంతటా దాన్ని ఉదహరిస్తున్నారు.

మన అపార్ట్‌మెంట్లలో చాలా స్టిల్ట్ జాగాలకు మూడు గోడలు కాదు, ఒక గోడ కూడా ఉండదు. అందుకే పార్కింగును ఫ్లాటు నుంచి విడదీసి వేరే ఆస్తిగా కొనే ప్రయత్నం చేయకండి. ఫ్లాటుకు అనుబంధంగా, ఫ్లాటుతోపాటే బదిలీ అయ్యే ప్రత్యేక వినియోగ హక్కుగా రాయించుకోవడమే క్షేమం. 'మా ఫ్లాటు అమ్మేశాం, పార్కింగ్ మాత్రం ఉంచుకున్నాం, అది మీకిస్తాం' అని ఎవరైనా వస్తే మర్యాదగా తప్పుకోండి.

ఇంకొక సంగతి కొనుగోలుదారుల్లో చాలామందికి తెలియదు. తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల్లో, అంటే 2012 నాటి జీవో 168లో, పార్కింగును ఫ్లాటుకు ఇన్ని కార్లు అని లెక్కించరు. మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో ఇంత శాతం అని లెక్కిస్తారు. సందర్శకులకు వేరుగా చూపాలి. కాబట్టి 'మాకు ప్లాను శాంక్షన్ అయింది' అన్న మాటకు, ప్రతి ఫ్లాటుకూ ఒక జాగా ఉందని అర్థం కాదు. అనుమతి పొందిన ప్లానులో సెల్లార్, స్టిల్ట్ షీట్లు అడిగి తీసుకుని, గీసిన గళ్లు లెక్కపెట్టి, ఫ్లాట్ల సంఖ్యతో పోల్చండి. యాభై ఫ్లాట్లకు నలభై అయిదు గళ్లుంటే, మిగతా అయిదుగురిలో మీరు లేరని రుజువు చూపమని అడగాలి.

ప్రాజెక్టు రెరాలో నమోదైతే ఈ పని ఇంటి నుంచే చేయవచ్చు. నమోదు సమయంలో అమ్మకానికి ఉన్న గ్యారేజీల సంఖ్య, విస్తీర్ణం చెప్పాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి ఎన్ని బుక్ అయ్యాయో రెరా వెబ్‌సైటులో పెట్టాలి. స్థలం 500 చదరపు మీటర్లు మించని ప్రాజెక్టులకు, ఎనిమిది ఫ్లాట్లకు మించని వాటికి ఈ నమోదు తప్పనిసరి కాదు. కాలనీల్లో పాత ఇల్లు పడగొట్టి కట్టే చిన్న భవనాలు చాలావరకు ఇవే. అక్కడ మున్సిపాలిటీ ప్లానే మీకు దిక్కు.

వంద చదరపు అడుగుల్లో కారు పడుతుందా?

మన సేల్ డీడ్లలో 'కారు పార్కింగ్ 100 చదరపు అడుగులు' అన్న మాట తరచుగా కనబడుతుంది. ఈ అంకెను ఎవరూ ప్రశ్నించరు. ఒకసారి లెక్క వేద్దాం. వంద చదరపు అడుగులంటే 9.29 చదరపు మీటర్లు. వెడల్పు రెండున్నర మీటర్లు తీసుకుంటే పొడవు 3.7 మీటర్లే మిగులుతుంది. మారుతీ స్విఫ్ట్ పొడవు 3.86 మీటర్లు. అంటే చిన్న కారు కూడా ఆ కొలతలో పూర్తిగా ఇమడదు. రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉన్న సౌకర్యమైన గడి దాదాపు 135 చదరపు అడుగులు అవుతుంది.

వెడల్పు సంగతి ఇంకా ముఖ్యం. హ్యుందాయ్ క్రెటా వెడల్పు అద్దాలు వదిలేసి 1.79 మీటర్లు. రెండున్నర మీటర్ల గడిలో దాన్ని నిలిపితే రెండు వైపులా కలిపి 71 సెంటీమీటర్లు మిగులుతాయి. డ్రైవరు వైపు తలుపు తెరిచి మనిషి దిగడానికి అది చాలదు, పక్క గడిలోని ఖాళీ మీద ఆధారపడాల్సిందే. ఇన్నోవా హైక్రాస్ అయితే పొడవు 4.755 మీటర్లు. నాలుగున్నర మీటర్ల గడిలో దాని వెనక భాగం పావు మీటరు దారిలోకి పొడుచుకొస్తుంది. వచ్చేపోయే ప్రతి కారూ దానికి గీసుకుపోయే అవకాశం ఉంటుంది.

అందుకే టేపు తీసుకుని వెళ్లండి. స్తంభం నుంచి స్తంభానికి ఎంత ఉందో కొలవండి. రెండు స్తంభాల మధ్య రెండు కార్లు పట్టిస్తే ఫరవాలేదు, మూడు పట్టించిన చోట నడిమి గడి తీసుకోవద్దు. పైన దూలం, మురుగు పైపు, స్ప్రింక్లర్ ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. పైపు కీలు సరిగ్గా మీ గడి పైన ఉంటే ఏదో ఒకనాడు కారు బానెట్ మీద తెల్లటి చారలు పడతాయి, ఆ సున్నపు నీళ్లు రంగును తినేస్తాయి. నేల మీద సంపు మూత, సెప్టిక్ ట్యాంకు మూత ఉన్న గడిని కూడా వదిలేయండి. ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ కారు తీయమంటారు. వీలైతే మీ కారునే తీసుకెళ్లి ఒకసారి లోపల పెట్టి, బయటికి తీసి చూడండి. అంతకన్నా మంచి పరీక్ష లేదు.

మహారాష్ట్ర రెరా 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. పార్కింగ్ గడి పొడవు, వెడల్పు, ఎత్తు, ఉన్న చోటు అలాట్‌మెంట్ లెటరులోనూ అగ్రిమెంటులోనూ రాయాలని అది చెప్పింది. ముంబైలోనో పుణెలోనో కొంటున్న తెలుగువారు దాన్ని నేరుగా అడగవచ్చు. మన రాష్ట్రాల్లో కొనేవారు కూడా అవే వివరాలు రాయమని కోరండి. రాసివ్వడానికి వెనకాడే బిల్డర్ ఆ గడిని తానే కొలిచి చూసుకోలేదని అనుకోవాలి.

ఏ చోటు ఎవరికి?

స్టిల్ట్ పార్కింగ్ నా దృష్టిలో అందరికీ మేలైనది. ర్యాంపు ఎక్కడం దిగడం లేదు, గాలి ఆడుతుంది, కాపలాదారు కంట్లో ఉంటుంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారుంటే లిఫ్టుకు దగ్గరగా ఉన్న స్టిల్ట్ గడి కోసం కాస్త ఎక్కువైనా ఇవ్వండి. దీని ఇబ్బందల్లా జాగా తక్కువగా ఉండటం. కాపలాదారు గది, మీటర్ల బోర్డు, జనరేటరు, ద్విచక్ర వాహనాలు, పిల్లల సైకిళ్లు అన్నీ అక్కడే సర్దుకోవాలి.

సెల్లార్‌లో జాగా ఎక్కువ, ఎండ తగలదు, దుమ్ము కూడా తక్కువే. కానీ వాన భయం తీసిపారేయదగ్గది కాదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్నో సెల్లార్లు నీట మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వైపు స్టిల్ట్ పార్కింగులు కూడా రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. చెరువు కింద, నాలా పక్కన, చుట్టుపక్కల రోడ్ల కన్నా పల్లంగా ఉన్న భవనంలో సెల్లార్ గడి వద్దు. వేరే దారి లేకపోతే ర్యాంపు మొదట్లో నీటిని ఆపే గట్టు, దాని వెంట జాలీ కాలువ ఉన్నాయా, నీళ్లు తోడే మోటారుకు జనరేటరు కరెంటు అందుతుందా అని అడగండి. వరదకు కరెంటు పోతుంది, ఆ సమయంలోనే మోటారు అవసరం పడుతుంది. రెండు మూడు సెల్లార్లున్న చోట మొదటిదే అడగండి. అన్నింటికన్నా కిందిదానికి నీళ్లు ముందు చేరతాయి, ఫోను సిగ్నలూ సరిగా ఉండదు. సెల్లార్ తీసుకున్నవారు కారు బీమాలో ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పక కలుపుకోవాలి. నీట మునిగిన కారును స్టార్టు చేస్తే ఇంజిన్లోకి నీళ్లు పోయి కలిగే నష్టాన్ని మామూలు పాలసీ సాధారణంగా భరించదు.

కొత్త బహుళ అంతస్తుల ప్రాజెక్టుల్లో పోడియం పార్కింగ్ ఇస్తున్నారు, అంటే నేల పైన వరుసగా కొన్ని అంతస్తులు కార్లకే వదులుతారు. వరద భయం లేదు, వెలుతురు ఉంటుంది. వందల కార్లు ఒకే ర్యాంపు మీదుగా దిగాల్సిన చోట మాత్రం ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఎలా ఉంటుందో, అప్పటికే జనం చేరిన టవరులో ఎవరినైనా అడిగి తెలుసుకోండి.

ముందొకటి వెనకొకటి నిలిపే బ్యాక్ టు బ్యాక్ పార్కింగును 'రెండు కార్ల పార్కింగ్' అని చెబుతారు. రెండూ ఒకే ఇంటివైతే ఇది చక్కగా పనిచేస్తుంది, రోజూ తీసే కారును ముందు పెట్టుకుంటారు. ముందు గడి ఒకరిది, వెనక గడి మరొకరిది అయితే మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. ఎంత మంచివాళ్లయినా, ఒకరి తాళంచెవి మీద ఇంకొకరి ఆఫీసు సమయం ఆధారపడితే స్నేహం నిలవదు.

యంత్రంతో పైకెత్తే స్టాక్ పార్కింగ్ గురించి నా అభిప్రాయం అంత మంచిది కాదు. రెండంతస్తుల లిఫ్టులో పైకారు దిగాలంటే కింది కారు తీయాలి. కార్ల పళ్లేలు పక్కకూ పైకీ జరిగి దారిచ్చే పజిల్ రకంలో ఆ బాధ లేకపోయినా, ఒక మోటారు ఆగితే కొన్ని కార్లు ఇరుక్కుపోతాయి. పెద్ద కార్ల బరువు, ఎత్తు సరిపోవు. నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారు, వార్షిక ఒప్పందం ఎంత, మొదటి ఏళ్ల తర్వాత బిల్లు అసోసియేషన్ మొత్తానిదా, వాడేవాళ్లదేనా అన్నది రాతలో ఉండాలి. ఇరుకు ప్లాట్లలో కట్టిన భవనంలో వేరే మార్గం లేకపోతే పజిల్ రకం, కింది గడి అడగండి.

ఆరుబయట పార్కింగుకు, పైన చెప్పినట్టు, డబ్బు కట్టకండి. అసోసియేషన్ ఉచితంగా కేటాయిస్తే రెండో కారుకు వాడుకోవచ్చు. ఏప్రిల్, మే ఎండకు సీటు కవర్లు, డ్యాష్‌బోర్డు పాడవుతాయి, అంతకు మించిన నష్టం లేదు. పార్కింగే లేని పాత ఫ్లాటు బాగా చౌకగా వస్తే, వీధి వెడల్పు చూసి, పక్కన నెల అద్దెకు జాగా దొరుకుతుందా కనుక్కుని అప్పుడు ఆలోచించండి. మెట్రో స్టేషను నడక దూరంలో ఉండి, ఇంట్లో కారే లేనివారికి ఇది తెలివైన బేరం కావచ్చు. తిరిగి అమ్మేటప్పుడు కొనేవారు తగ్గుతారన్నది మాత్రం లెక్కలో వేసుకోండి.

కొత్తదా, రీసేలా, స్థలయజమాని వాటానా?

డెవలప్‌మెంటుకు ఇచ్చిన భవనాల్లో స్థలయజమాని, బిల్డర్ ఫ్లాట్లతోపాటు పార్కింగ్ గడులు కూడా పంచుకుంటారు. ఈ పంపకం సప్లిమెంటరీ అగ్రిమెంటులో ఉంటుంది. మీరు కొనే ఫ్లాటు ఎవరి వాటాలో ఉందో, మీకు చూపిన గడి కూడా అదే వాటాలో ఉందో ఆ కాగితంలో సరిచూడండి. బిల్డర్ వాటా ఫ్లాటు కొన్నవారికి స్థలయజమాని గడి చూపించడం వల్ల వచ్చే తగాదాలు ఎన్నో ఉన్నాయి, అవి ఒకపట్టాన తెగవు.

రీసేల్ ఫ్లాటులో మేలు ఏమిటంటే కళ్లతో చూడవచ్చు. పగలు వెళ్తే అన్నీ ఖాళీగా కనబడతాయి, ఆదివారం రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లండి. కాపలాదారును 'ఈ ఫ్లాటు బండి ఎక్కడ పెడతారు బాబూ' అని ఒక్క మాట అడిగితే, అమ్మేవారు చెప్పని విషయం తెలుస్తుంది. లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత యజమానుల నాటి డీడ్లలో, మొదటి సేల్ డీడ్ నుంచి పార్కింగ్ ప్రస్తావన ఎలా వచ్చిందో చూడండి. మొదటి డీడ్‌లో లేనిది రెండోదాంట్లో పుట్టుకొస్తే అనుమానించాలి. నంబరు లేకపోతే, ఫలానా గడి ఫలానా ఫ్లాటు వాడకంలో ఉందని, బకాయిలు, తగాదాలు లేవని అసోసియేషన్ నుంచి లేఖ తీసుకోండి. అడ్వాన్సు ఇచ్చే ముందే తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ రోజున కాదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి కొనేవారు ఈ తనిఖీని తల్లిదండ్రుల మీద వదిలేస్తారు. మీ తరఫున సంతకం పెట్టే అధికారం (జీపీఏ) మీరు ఎవరికిచ్చారో వారికి పార్కింగ్ నంబరుతో సహా షెడ్యూలు ముందే పంపించి, వీడియో కాల్‌లో గడిని కొలిపించుకోండి. అద్దెకు ఇవ్వాలనుకున్నా, ఒక మంచి గడి చాలు. రెండోదాని ధర అద్దెలో తిరిగి రావడం కష్టం.

ధర, పన్ను, ఛార్జింగ్

పార్కింగ్ ధరను డీడ్‌లో చూపకుండా 'అది నగదుగా ఇచ్చేయండి, రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది' అని చెబుతారు. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అవుతుంది. పార్కింగ్ నాలుగు లక్షలు అనుకుంటే మిగిలేది 30 వేలు. దానికోసం హక్కును రాతలో లేకుండా చేసుకోవడం, బ్యాంకు రుణంలో ఆ మొత్తాన్ని వదులుకోవడం ఏ విధంగా చూసినా నష్టమే.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ సాధారణంగా 5 శాతం. పార్కింగును వేరే బిల్లుగా చూపితే 18 శాతం అడిగే బిల్డర్లున్నారు. 2023లో జీఎస్టీ సందేహాలు తేల్చే పశ్చిమ బెంగాల్ అప్పిలేట్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా పార్కింగ్ హక్కును విడి సేవగానే చూసి 18 శాతం వర్తిస్తుందని చెప్పింది. అందుకే ఫ్లాటు, పార్కింగ్ కలిపి ఒకే ధర అగ్రిమెంటులో ఉండేలా బేరం మొదట్లోనే మాట్లాడుకోండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొనే ఫ్లాటుకు ఈ బెడద లేదు. ఒక్క మాట, రెరా పరిధిలోని ప్రాజెక్టులో రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పదిశాతానికి మించి తీసుకోవడానికి బిల్డర్‌కు వీల్లేదు. పార్కింగ్ నంబరు రాయించుకునే బలం మీకు ఆ దశలోనే ఉంటుంది.

విద్యుత్ కారు ఇప్పుడు లేకపోయినా, రేపు కొనేవారే ఎక్కువ. మీ గడి నుంచి మీటర్ల బోర్డుకు కేబుల్ వెళ్లే దారి ఉందా చూడండి. మామూలు 15 ఆంపియర్ల సాకెట్టుతో గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కుతాయి, రాత్రంతా పెడితే రోజువారీ ప్రయాణాలకు సరిపోతుంది. ఇంటి కనెక్షను నుంచే కారు ఛార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. అసోసియేషన్ ఒప్పుకోవడం మరో సంగతి. యంత్రపు స్టాక్‌లో, ఆరుబయట లాటరీ గడిలో సొంత సాకెట్టు పెట్టించుకోవడం దాదాపు కుదరని పని. నంబరుతో మీ పేరున ఉన్న స్టిల్ట్ గడిలో మీ మీటరు నుంచి తీగ లాగించుకుని, తాళం వేసే పెట్టె బిగించుకోవచ్చు. గోడలకు రంగులు వేయకముందే ఆ పైపు వేయించమని బిల్డర్‌ను అడిగితే ఖర్చు చాలా తక్కువలో అయిపోతుంది.